ట్రాక్టరు ట్రాలీకి వేరే బ్రేకులు కావాలా? నాలుగు మార్గాల పోలిక

కొత్త ట్రాలీ కట్టించుకునే రైతు వెల్డింగ్ షెడ్డు ముందు నిలబడి పొడవు, వెడల్పు, రేకు మందం, టైర్ల సైజు, వెనుక తలుపు ఎటు తెరుచుకోవాలి అన్న విషయాలను గంటసేపు మాట్లాడతాడు. బ్రేకుల మాట వచ్చేసరికి మాత్రం “ట్రాక్టరుకు ఉన్నాయి కదా” అన్న ఒక్క జవాబుతో సంభాషణ ముగుస్తుంది. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి ఏనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు లేకపోవడానికి ఖర్చు ఎంత కారణమో, ఈ జవాబు కూడా అంతే కారణం. మా ఇంట్లో కూడా రెండేళ్ల కిందటి వరకు ఇదే జవాబు నడిచింది.

ఆ జవాబు పూర్తిగా తప్పు కాదు. పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి ఊరి కొనుగోలు కేంద్రానికి మాత్రమే తిరిగే ట్రాలీకి, మిర్చి బస్తాలతో జాతీయ రహదారి ఎక్కే ట్రాలీకి అవసరాలు వేరు. అందువల్ల ఏ బ్రేకు మంచిదన్న ప్రశ్నకు ముందు, ట్రాక్టరు బ్రేకు నిజంగా ఎంత బరువును ఆపగలదో లెక్క వేసుకోవాలి.

ముందు లెక్క

రెండు చక్రాల డ్రైవు ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. నలభై, నలభై అయిదు హెచ్‌పీ ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు అనుకుంటే, అందులో దాదాపు 1.3 టన్నులు వెనుక ఇరుసు మీద పడుతుంది. రెండు చక్రాల ట్రాలీ ముందు భాగం హుక్కు మీద మోపే బరువు మరో 0.7 టన్ను అనుకుందాం. అంటే రోడ్డును పట్టుకుని ఆపగలిగే చక్రాల మీద ఉన్నది 2 టన్నులే. ఆపవలసిన మొత్తం బరువు మాత్రం వేరు. ట్రాక్టరు 2 టన్నులు, ఖాళీ ట్రాలీ 1.5 టన్నులు, 40 కిలోల వడ్ల బస్తాలు 120 వేస్తే 4.8 టన్నులు, మొత్తం 8.3 టన్నులు.

పొడి తారు రోడ్డు మీద టైరు పట్టును 0.6 చొప్పున, అంటే చక్రాల మీది బరువులో 60 శాతం ఆపే బలంగా లెక్కిస్తే, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న ఈ బండి బ్రేకు పడ్డాక ఆగడానికి దాదాపు 25 మీటర్లు తీసుకుంటుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి పెడల్ తొక్కడానికి పట్టే ఒక్క సెకనులో పోయే 8 మీటర్లు దీనికి అదనం. అదే ట్రాలీ చక్రాలకు ఓ మోస్తరు బ్రేకులు ఉండి, అవి తమ మీద ఉన్న బరువులో 30 శాతం మేరకు ఆపే బలాన్ని ఇచ్చినా, ఆ 25 మీటర్లు సుమారు 10 మీటర్లకు దిగుతాయి.

వాన పడి పట్టు 0.35కు తగ్గితే బ్రేకులు లేని ట్రాలీ 42 మీటర్ల దాకా పోతుంది. అయిదు శాతం దిగుడు (వంద మీటర్లకు అయిదు మీటర్లు దిగే వాలు) ఉన్న పొడి రోడ్డు మీద 37 మీటర్లు పోతుంది. దిగుడూ తడీ రెండూ కలిస్తే లెక్క 100 మీటర్లు దాటుతుంది. ఆచరణలో అంతదూరం పోకముందే ట్రాక్టరు వెనుక చక్రాలు జారడం, వెనుక నుంచి నెట్టుతున్న ట్రాలీ ట్రాక్టరును పక్కకు మడిచి అడ్డంగా తిప్పడం జరుగుతాయి. ఎస్సారెస్పీ కాకతీయ కాలువ వంతెనలు దిగేచోట, చెరువు కట్టల మీద నుంచి ఊళ్లోకి మళ్లేచోట డ్రైవర్లకు ఎదురయ్యేది ఇదే.

ట్రాక్టరు కొత్తదైనా, దాని బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే రకమైనా ఈ లెక్క మారదు. బ్రేకు ఎంత బలమైనదైనా టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టును మించి ఆపలేదు. చిన్న గేరులో ఇంజను పట్టు వాడి దిగడం మంచి అలవాటే, బ్రేకులు వేడెక్కకుండా అది కాపాడుతుంది. కానీ ఆ పట్టు కూడా పనిచేసేది అవే రెండు వెనుక చక్రాల ద్వారా కాబట్టి జారే రోడ్డు మీద అది అదనపు బలం కాదు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవారికి ఆ కాస్త సాయం కూడా ఉండదు.

ముందు భాగంలో తిరిగే పళ్లెం ఉన్న నాలుగు చక్రాల ట్రాలీ అయితే పరిస్థితి ఇంకా కష్టం. తన బరువంతా తన చక్రాల మీదే మోస్తుంది కనుక హుక్కు మీద భారం పడదు, ట్రాక్టరు వెనుక చక్రాలకు అదనపు పట్టు దొరకదు. పైన చెప్పిన 25 మీటర్లు అప్పుడు 37 దాటుతాయి. నాలుగు చక్రాలున్నాయి కాబట్టి భద్రమన్న నమ్మకం బ్రేకుల విషయంలో తలకిందులు.

ఇతర దేశాల్లో గీత ఎక్కడ గీశారో చూస్తే మన ట్రాలీ ఎక్కడుందో అర్థమవుతుంది. బ్రిటన్‌లో కారు వెనుక కట్టే ట్రెయిలరుకు బ్రేకులు లేకపోతే సరుకుతో సహా బరువు 750 కిలోలు, లేదా కారు సొంత బరువులో సగం, ఏది తక్కువైతే దానికి మించకూడదు. అమెరికాలో మోటారు హోం (ఇల్లులా కట్టిన పెద్ద బండి) వెనుక కారు తగిలించుకుని తిరిగేవారికి కూడా ఇదే తర్జనభర్జన ఉంటుంది. అక్కడ ఫోర్డ్ కంపెనీ తన వాహనాల వెనుక లాగే బండి సరుకుతో కలిపి 1,500 పౌండ్లు, అంటే సుమారు 680 కిలోలు దాటితే దానికి వేరే బ్రేకు ఉండాలని చెబుతుంది. మన ఖాళీ ట్రాలీయే ఈ రెండు హద్దులకూ రెట్టింపు ఉంటుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది బరువు. సరుకు ఎత్తును చూసి బరువును అంచనా వేయకూడదు. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉన్న డబ్బా నిండుగా వడ్లు పోస్తే రెండు టన్నులకు కాస్త తక్కువే ఉంటుంది. అదే డబ్బాను ఇసుకతో సమంగా నింపితే అయిదు టన్నులు దాటుతుంది, ఇసుక తడిదైతే ఇంకా పెరుగుతుంది. పత్తి దీనికి పూర్తిగా భిన్నం. చూడటానికి కొండలా ఉన్నా బరువు తక్కువ. అయితే దాని ఎత్తు వల్ల మలుపులో ఒరిగే ప్రమాదం ఎక్కువ, ఆ ప్రమాదాన్ని బ్రేకులు తీర్చలేవు.

రెండవది దారి. సమతలంగా ఉండే ఊరి రోడ్డా, లారీలూ బస్సులూ వేగంగా పోయే 163, 563 నంబరు జాతీయ రహదారులా, మధ్యలో వంతెనల దిగుళ్లు ఎన్ని ఉన్నాయి అన్నది చూసుకోవాలి. మూడవది పిన్ ఊడిపోతే ఏమవుతుందన్నది. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు, నా దృష్టిలో మాత్రం ఇది బరువుతో సమానమైన ప్రశ్న. నాల్గవది మన పల్లెలకే ప్రత్యేకమైనది. ట్రాలీ ఒకరిది, ట్రాక్టరు మరొకరిది కావడం, కోతల రోజుల్లో ట్రాలీ చేతులు మారడం ఇక్కడ మామూలు. ట్రాక్టరులో సగం, ట్రాలీలో సగం ఉండే బ్రేకు అలాంటి ఇంటికి ఎంతవరకు పనికొస్తుందో ముందే ఆలోచించుకోవాలి. ఖర్చు, నిర్వహణ చివర వస్తాయి.

మొదటి మార్గం: బ్రేకులు లేకుండా, వేగం తగ్గించి నడపడం

దీన్ని నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం సరికాదు. పైన లెక్కించిన బండినే 30కి బదులు 20 కిలోమీటర్ల వేగంతో నడిపితే పొడి, చదును రోడ్డు మీద దాదాపు 11 మీటర్లలో ఆగుతుంది. అంటే బ్రేకులున్న ట్రాలీ 30 వేగంలో ఆగే దూరానికి ఇది ఇంచుమించు సమానం. వేగాన్ని మూడోవంతు తగ్గిస్తే ఆగే దూరం సగానికి పైగా తగ్గుతుంది, ఎందుకంటే దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. డబ్బు ఖర్చులేని మార్గం ఇది ఒక్కటే.

దీని హద్దు ఎక్కడుందంటే, తడి దిగుడు మీద. అక్కడ 20 వేగంలో కూడా ఆ బండికి 45 మీటర్లు కావాలి. పైగా ఈ మార్గం మొత్తం డ్రైవరు ఓపిక మీద ఆధారపడుతుంది. సొంత సరుకు తీసుకుపోయే రైతు 20లో నడపగలడు. రోజుకు నాలుగు ట్రిప్పులు వేస్తేనే కూలి గిట్టే డ్రైవరు నడపలేడు, నడపమని చెప్పడం కూడా న్యాయం కాదు.

ఈ మార్గంలో ఉన్నవారు చేయవలసిన పని ఒకటుంది. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. దమ్ము చేసేటప్పుడు, దున్నేటప్పుడు పొలంలో చిన్న మలుపు తిప్పడానికి ఆ రెండింటినీ కలిపే లాచ్‌ను తీసేస్తారు. రోడ్డెక్కేముందు దాన్ని మళ్లీ వేయాలి. వేయకపోతే తొందరలో కాలు ఒక్క పెడల్ మీదే పడుతుంది, ఒక్క చక్రమే ఆగుతుంది, నిండు ట్రాలీ వెనుక నుంచి నెట్టుతుంటే ట్రాక్టరు ఆ పక్కకే గిర్రున తిరుగుతుంది. మా చిన్నాయనకు జరిగింది ఇదే. నాట్ల తర్వాత లాచ్ వేయడం మరిచి ఎరువు బస్తాలతో వస్తూ ఊరి మలుపులో గేదె అడ్డొచ్చి తొక్కితే బండి కాలువలోకి దిగింది. గేదెకూ ఆయనకూ ఏమీ కాలేదు, ఎరువు మాత్రం కరిగిపోయింది.

రెండవ మార్గం: నెట్టుడు బ్రేకు

ట్రాక్టరు వేగం తగ్గినప్పుడు ట్రాలీ ముందుకు నెట్టుతుంది కదా, ఆ నెట్టుడునే బ్రేకుగా మార్చే ఏర్పాటు ఇది. ట్రాలీ ముందు కడ్డీ ఒక స్ప్రింగు మీద కొద్దిగా లోపలికి జరిగేలా ఉంటుంది. అది జరిగినప్పుడు కడ్డీల ద్వారానో, ఆయిల్ సిలిండరు ద్వారానో ట్రాలీ చక్రాల డ్రమ్ముల్లో షూలు తెరుచుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి పడతాయి. ఓవర్‌రన్ బ్రేకు అని అడిగితే తెలిసిన మిస్త్రీలు గుర్తుపడతారు.

దీని గొప్పతనమంతా ట్రాలీలోనే ఉండటంలో ఉంది. ట్రాక్టరుకు ఏదీ బిగించనక్కర్లేదు, ఎవరి ట్రాక్టరు తగిలించినా పనిచేస్తుంది. బరువు ఎక్కువైతే నెట్టుడూ ఎక్కువ, కాబట్టి బ్రేకు బలం తనంతట తానే పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోవడం కూడా తక్కువే.

లోపాలు కూడా ఆ నెట్టుడులోనే ఉన్నాయి. రివర్సు చేసినప్పుడు కూడా కడ్డీ లోపలికి జరుగుతుంది, బ్రేకు పడుతుంది. రైస్ మిల్లు గేటులో, జిన్నింగ్ మిల్లు యార్డులో, వే బ్రిడ్జి మీద రోజంతా వెనక్కి నెట్టుకునే పని ఉన్నవారికి ఇది తలనొప్పి. దీనికి రివర్సు లాకు ఉంటుంది కానీ, దాన్ని వేసి తీయడం మరిచితే బ్రేకు లేని ట్రాలీయే మిగులుతుంది. పొడవైన దిగుడులో ట్రాలీ ఎడతెగకుండా నెట్టుతూనే ఉంటుంది కాబట్టి డ్రమ్ములు వేడెక్కుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ట్రాక్టరు ముందుగా తగ్గితేనే ఇది పనిచేస్తుంది. దిగుడులో ట్రాక్టరు చక్రాలే జారుతుంటే నెట్టుడు తగ్గి, అత్యవసరమైన క్షణంలోనే దీని బలం కూడా తగ్గుతుంది.

మూడవ మార్గం: హైడ్రాలిక్ బ్రేకు

ట్రాక్టరు హైడ్రాలిక్ పంపు ఒత్తిడిని ఒక ప్రత్యేక వాల్వు ద్వారా ట్రాలీకి పంపుతారు. పెడల్ ఎంత తొక్కితే ట్రాలీలో అంత బ్రేకు పడుతుంది. డ్రైవరు కాలి కింద ఉండే బ్రేకు ఇది, ఆలస్యం తక్కువ, రివర్సులో ఇబ్బంది లేదు, టిప్పర్ ట్రాలీ ఉన్నవారికి ఆయిల్ పైపులు అలవాటే.

ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, దానితో ట్రాలీ బ్రేకు కూడా పోతుంది. పైపు ఊడితే ఆయిల్ కారిపోతుంది. ఈ రెండింటి కన్నా పెద్ద ప్రమాదం చవకబారు బిగింపులో ఉంది. వాల్వు ఖర్చు తప్పించుకోవడానికి ట్రాక్టరు సొంత బ్రేకు ఆయిల్ పైపుకే ఒక కొమ్మ కలిపి ట్రాలీకి తీసుకుపోతామని ఎవరైనా చెబితే వెంటనే వద్దనాలి. ట్రాలీలో ఎక్కడ కారినా ట్రాక్టరు బ్రేకు కూడా అప్పుడే పోతుంది, ఉన్న రెండు చక్రాల రక్షణ కూడా మిగలదు.

నాల్గవ మార్గం: ఎయిర్ బ్రేకు

ఇంజను నుంచి బెల్టుతో తిరిగే చిన్న కంప్రెసరు, గాలి ట్యాంకు, పెడల్ వాల్వు ట్రాక్టరు మీద ఉంటాయి. ట్రాలీ ఇరుసు మీద లారీలకు ఉన్నట్టే బ్రేకు చాంబర్లు (గాలి ఒత్తిడితో కడ్డీని తోసేవి), స్లాక్ అడ్జస్టర్లు (ఆ కడ్డీకీ షూకూ మధ్య వదులును సరిచేసేవి), డ్రమ్ములు ఉంటాయి. పాత లారీ ఇరుసుతో కట్టిన ట్రాలీకి డ్రమ్ములు అప్పటికే ఉంటే ఖర్చు కొంత కలిసొస్తుంది, షూలూ, వాటిని తెరిచే కామ్‌లూ బాగున్నాయో లేదో చూపించుకుంటే చాలు. లారీల మరమ్మతు చేసే మెకానిక్ ఎవరైనా వీటిని సరిచేయగలగడం వరంగల్, కాజీపేట, కరీంనగర్ చుట్టుపక్కల వారికి పెద్ద సౌకర్యం.

కిట్ కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఒక లైనా, రెండు లైన్లా? ఒకే పైపు ఉన్న సాదా కిట్‌లో పెడల్ తొక్కినప్పుడు గాలి వెళ్లి బ్రేకు వేస్తుంది. పిన్ విరిగి ట్రాలీ విడిపోతే ఆ పైపు తెగుతుంది, గాలి బయటికి పోతుంది, ట్రాలీకి బ్రేకే ఉండదు. రెండు లైన్ల ఏర్పాటులో ఒకటి ఎప్పుడూ గాలి నింపుతుంటుంది, రెండవది పెడల్ ఆజ్ఞను మోస్తుంది, ట్రాలీకి సొంత ట్యాంకు ఉంటుంది. నింపే లైను తెగిన క్షణంలోనే ట్రాలీ తన ట్యాంకులోని గాలితో తానే బ్రేకు వేసుకుంటుంది. ధర తేడా చూసి ఒక లైను కిట్ తీసుకునేవారు, ఎయిర్ బ్రేకు ఇచ్చే రక్షణలో విలువైన సగాన్ని వదులుకుంటున్నారని నా అభిప్రాయం.

దీనికి నిర్వహణ ఉంది. ట్యాంకులో చేరే నీటిని కింద ఉన్న కాక్ తిప్పి తరచూ వదలాలి, వానాకాలంలో రోజూ వదలడం మంచిది. స్లాక్ సరిచేయకపోతే చాంబరు కడ్డీ చివరి దాకా వచ్చినా షూ డ్రమ్మును తాకదు. నిండు బరువుకు సరిపడే బ్రేకు ఖాళీ ట్రాలీలో చక్రాలను బిగించి ఈడుస్తుంది కాబట్టి ఖాళీగా వచ్చేటప్పుడు పెడల్ మీద కాలు తేలిగ్గా ఉండాలి.

ఒక్క చూపులో

| చూడవలసింది | బ్రేకు లేకుండా | నెట్టుడు బ్రేకు | హైడ్రాలిక్ | ఎయిర్, రెండు లైన్లు |
|---|---|---|---|---|
| తడి దిగుడు | ప్రమాదం | కొంత మేలు | మేలు | మేలు |
| రివర్సు | ఇబ్బంది లేదు | లాకు వేయాలి | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు |
| పిన్ ఊడితే | గొలుసే దిక్కు | తీగ కడితే బ్రేకు పడుతుంది | సాధారణంగా రక్షణ లేదు | తానే బ్రేకు పడుతుంది |
| ఇతరుల ట్రాక్టరుతో | నడుస్తుంది | పూర్తిగా పనిచేస్తుంది | వాల్వు ఉంటేనే | కిట్ ఉంటేనే |
| ఖర్చు | లేదు | మధ్యస్థం | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఎక్కువ |

నెట్టుడు బ్రేకు గడిలో చెప్పిన తీగ, ట్రాలీ హ్యాండ్ బ్రేకు నుంచి ట్రాక్టరుకు కట్టే ఉక్కు తీగ. ట్రాలీ విడిపోయినప్పుడు అది హ్యాండ్ బ్రేకును లాగి తర్వాత తెగుతుంది. ఏ మార్గం ఎంచుకున్నా పిన్‌కు క్లిప్పు, ట్రాలీకి ట్రాక్టరుకు మధ్య రక్షణ గొలుసు ఉండి తీరాలి. పిన్ స్థానంలో పాత బోల్టు, క్లిప్పు స్థానంలో సుతిలి తాడు చూస్తూనే ఉన్నాం.

ఎవరికి ఏది

నాలుగైదు ఎకరాల రైతు, సీజనులో ఊరి కొనుగోలు కేంద్రానికి పది ట్రిప్పులు వేసేవారు, దారిలో పెద్ద దిగుడు లేనివారు బ్రేకులకు పెట్టే డబ్బును మంచి టైర్లకూ, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లకూ పెట్టి 20 వేగానికి కట్టుబడితే నేను తప్పుపట్టను. ఒకటే షరతు, బస్తాలు 120 కాకుండా 70, 80 దగ్గర ఆపాలి.

అన్నదమ్ముల మధ్య, ఇరుగుపొరుగు మధ్య ట్రాలీ తిరిగే ఇంటికి నెట్టుడు బ్రేకు సరిపోతుంది. ట్రాలీ ఎక్కడికి పోతే బ్రేకూ అక్కడికే పోతుంది. కట్టించే ముందు ఆ మిస్త్రీ అంతకుముందు కట్టిన ట్రాలీని నిండు బరువుతో నడిపి చూడాలి. కొత్త పనికి మన ట్రాలీని మొదటి ప్రయోగం కానివ్వకూడదు.

ఒకే ట్రాక్టరు, ఒకే ట్రాలీ కలిసి పనిచేస్తూ, ఏనుమాములకు మిర్చి, మిల్లుకు వడ్లు ఏటా పదుల ట్రిప్పులు వేసేవారు హైడ్రాలిక్, ఎయిర్ మధ్య ఊగిసలాడతారు. ట్రాక్టరుకు కంపెనీ నుంచే ట్రెయిలర్ బ్రేకు వాల్వు వచ్చే ఏర్పాటు ఉంటే హైడ్రాలిక్ తీసుకోవచ్చు. లేకపోతే మరమ్మతు దొరికే తీరును బట్టి ఎయిర్ వైపే మొగ్గు చూపాలి. మేము అదే చేశాం.

ఇసుక, ఇటుక, కంకర కిరాయికి తోలేవారి విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. బరువు ఎక్కువ, ట్రిప్పులు ఎక్కువ, తొందర ఎక్కువ. వారికి రెండు లైన్ల ఎయిర్ బ్రేకు తప్ప మరొకటి సూచించలేను. నాలుగు చక్రాల ట్రాలీ ఉన్నవారు కూడా, రెండు ఇరుసులకూ బ్రేకు పెట్టించుకుని, ఇదే వరుసలోకి రావాలి.

మేడారం జాతర సంవత్సరంలో ఇంకో రకం వాడకం వస్తుంది, కుటుంబమంతా ట్రాలీలో కూర్చుని పస్రా, తాడ్వాయి అడవి దారి పట్టడం. ఇరవై మంది కలిసినా బరువు టన్నున్నర మించదు కాబట్టి ఆపడం కష్టం కాదు అనిపిస్తుంది. కానీ గట్టిగా బ్రేకు పడితే బస్తాలు ముందుకు జరుగుతాయి, మనుషులు ఎగిరి పడతారు. సరుకు ట్రాలీ మనుషులకు ఉద్దేశించినది కాదు, బీమా కూడా అలాంటప్పుడు అక్కరకు రాకపోవచ్చు. దీనికి బ్రేకుల్లో జవాబు లేదు, బస్సు ఎక్కడమే జవాబు.

బిగించాక చూడవలసినవి

హైడ్రాలిక్, ఎయిర్ రకాల్లో ట్రాలీ బ్రేకు ట్రాక్టరు బ్రేకు కన్నా ఒక్క క్షణం ముందు పట్టాలి. అప్పుడు ట్రాలీ వెనక్కి లాగుతూ బండి నిటారుగా ఆగుతుంది, ట్రాక్టరు మడతపడదు. ఏ రకం బ్రేకునైనా ఖాళీ రోడ్డు మీద సగం బరువుతో, 15 వేగంలో మొదలుపెట్టి పరీక్షించాలి. రోడ్డు మీద సుద్దతో గీత గీసి, అక్కడ బ్రేకు తొక్కి, ఆగిన దూరాన్ని అడుగులతో కొలిచి రాసిపెట్టుకుంటే ఆరు నెలల తర్వాత అదే పరీక్షతో బ్రేకు తగ్గిందో లేదో తెలుస్తుంది. నాలుగైదుసార్లు ఆపాక కుడి, ఎడమ డ్రమ్ముల దగ్గరగా చేయి పెట్టి చూడాలి. ఒకటి వేడిగా, మరొకటి చల్లగా ఉంటే ఒక పక్కే పనిచేస్తోందని అర్థం, ఆ స్థితిలో నిండు బరువు వేయకుండా తిరిగి షెడ్డుకే తీసుకుపోవాలి. ట్రాలీ రిజిస్ట్రేషన్, బీమా పత్రంలో ట్రాలీ ప్రస్తావన ఉన్నాయో లేదో కూడా ఆ రోజే చూసుకుంటే, బ్రేకులకు పెట్టిన ఖర్చు పక్కన ఆ పని పెద్దది కాదు.